జెన్ జీ, మిలీనియల్, బూమర్: పుట్టిన ఏడాది మనిషి గురించి ఎంత చెబుతుంది?

2025 సెప్టెంబరు 4న నేపాల్ ప్రభుత్వం ఫేస్‌బుక్, యూట్యూబ్ సహా 26 సామాజిక మాధ్యమాలను నిలిపేసింది. 8వ తేదీన కాఠ్మాండూలో కుర్రకారు వీధుల్లోకి వచ్చింది. పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఒక్కరోజే 19 మంది చనిపోయినట్టు వార్తలొచ్చాయి. మర్నాడు ప్రధాని కె.పి. శర్మ ఓలి రాజీనామా చేశారు. ఆ ఉద్యమానికి ‘జెన్ జీ’ అన్న పేరు బయటివాళ్లు తగిలించింది కాదు, అందులో ఉన్నవాళ్లే పెట్టుకున్నారు. ఆ తర్వాత మొరాకో, మడగాస్కర్ నిరసనల వార్తల్లోనూ అదే మాట వినిపించింది.

మన దగ్గర అదే మాట ఇంకో దారిలో తిరుగుతోంది. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో జెన్ జీ ఉద్యోగులతో ఎలా మెలగాలో మేనేజర్లకు క్లాసులు పెడుతున్నారు. ఇంట్లో ఫోన్ వదలని కూతుర్ని ‘మీ జెన్ జీ వాళ్లు ఇంతే’ అని తండ్రి కసురుతాడు. ఆ అమ్మాయి ‘ఓకే బూమర్’ అని బదులిస్తుంది. తండ్రి పుట్టింది 1975లో అయితే ఈ పేర్లకు పెట్టుకున్న పుట్టిన ఏళ్ల లెక్క ప్రకారం ఆయన బూమర్ కాదు, జెన్ ఎక్స్. అయినా ఇద్దరికీ మాట అర్థమవుతుంది. ఎందుకంటే అక్కడ బూమర్ అంటే ‘పెద్దాయన’ అని, జెన్ జీ అంటే ‘ఈ కాలం పిల్ల’ అని మాత్రమే.

ఒక దేశంలో ప్రభుత్వం కూలిన ఉద్యమానికీ, ఇంట్లో కసురుడుకీ, ఆఫీసు క్లాసుకీ ఒకే పదం సరిపోతోందంటే అది నిజంగా ఏం చెబుతోందో విడమరిచి చూడాల్సిందే.

ఈ పేర్లు ఎక్కడ పుట్టాయి

ఇప్పుడు ఎక్కువమంది వాడే గీతలు అమెరికాలోని సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ గీసినవి. 1946–64 మధ్య పుట్టినవాళ్లు బేబీ బూమర్లు, 1965–80 జెన్ ఎక్స్, 1981–96 మిలీనియల్స్, 1997–2012 జెన్ జీ. ఆ తర్వాత పుట్టినవాళ్లను జెన్ ఆల్ఫా అంటున్నారు.

పేర్లు మాత్రం తలో చోట నుంచి వచ్చాయి. ‘జెన్ ఎక్స్’ 1991లో కెనడా రచయిత డగ్లస్ కూప్‌లాండ్ నవలతో జనంలోకి వెళ్లింది. ‘మిలీనియల్’ అనే మాటను విలియం స్ట్రాస్, నీల్ హౌ అనే ఇద్దరు అమెరికన్ రచయితలు వాడుకలోకి తెచ్చారు. మిలీనియల్స్‌కే ఇంకో పేరైన ‘జెన్ వై’ అన్న మాట 1993లో ఒక అమెరికన్ ప్రకటనల రంగ పత్రికలో వచ్చింది. ఎక్స్ తర్వాత వై, దాని తర్వాత జెడ్ (అమెరికన్లు ‘జీ’ అంటారు) అయ్యాక ఇంగ్లిష్ అక్షరాలు అయిపోయాయి. దాంతో ఆస్ట్రేలియాలో పరిశోధన, కన్సల్టింగ్ సంస్థ నడిపే మార్క్ మెక్‌క్రిండిల్ గ్రీకు అక్షరాలు అందుకుని ‘ఆల్ఫా’ అన్నారు. నవలాకారులు, ప్రకటనలవాళ్లు, కన్సల్టెంట్లు ఇందులో ముందున్నారు. జనాభా శాస్త్రవేత్తలు వీటిలో గట్టిగా తమదని ఒప్పుకునేది ఒక్కదాన్నే.

బూమ్ నిజంగా జరిగింది, కానీ ఇక్కడ కాదు

ఆ ఒక్కటీ బేబీ బూమ్. 1945లో అమెరికాలో సుమారు 28.6 లక్షల మంది పిల్లలు పుట్టారు. యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు చేరాక, 1946లో ఆ సంఖ్య 34 లక్షలు దాటింది. 1957లో దాదాపు 43 లక్షలకు చేరింది. 1964 వరకూ 40 లక్షల దగ్గరే ఉండి, 1965లో 37.6 లక్షలకు పడిపోయింది. గ్రాఫ్ గీస్తే మొదలు, చివర కంటికి కనిపించే గుట్ట అది. బడులు చాలక కొత్తవి కట్టారు. ఆ పిల్లలే పెద్దయ్యాక ఇళ్లకు, ఉద్యోగాలకు పోటీ పెరిగింది. అమెరికా జనాభా లెక్కల సంస్థ అధికారికంగా నిర్వచించిన తరం కూడా ఇదొక్కటే.

మన దేశంలో అలాంటి గుట్ట లేదు. 1951లో 36 కోట్లున్న జనాభా 1961కి దాదాపు 44 కోట్లు, 1971కి దాదాపు 55 కోట్లు అయింది. 1950లలో ఒక్కో మహిళకు సగటున ఆరుగురు పిల్లలు. అది దశాబ్దం తర్వాత దశాబ్దం తగ్గుతూ, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 2.0కి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఉన్నది పొడవాటి వాలు మాత్రమే, ఎక్కడ గీత గీసి ‘ఇక్కడితో ఒక తరం అయిపోయింది’ అన్నా ఆ గీతకు ఆధారం దొరకదు. అందుకే 1950లో తెనాలిలో పుట్టినాయన్ను బూమర్ అంటే అమెరికా ఆసుపత్రుల లెక్కను తెచ్చి ఆయన నెత్తిన పెట్టినట్టే.

ఆ మాటకొస్తే అమెరికాలోనూ ఆ సంచిలో అందరూ ఒకటి కాదు. 1946లో పుట్టిన అబ్బాయికి వియత్నాం యుద్ధం ముదిరేనాటికి సైన్యంలోకి పిలిచే వయసు వచ్చింది. 1964లో పుట్టినవాడికి 1973లో ఆ నిర్బంధ పిలుపు ఆగిపోయేసరికి తొమ్మిదేళ్లు. ఇద్దరూ బూమర్లే.

చిక్కుముడి: వయసు, కాలం, పుట్టుక

అసలు సమస్య ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా చూద్దాం. ఇద్దరు మనుషుల మధ్య తేడా కనిపించినప్పుడు దానికి మూడు రకాల కారణాలు ఉండొచ్చు.

ఒకటి వయసు. పాతికేళ్లప్పుడు ఎవరైనా ఒకలా ఉంటారు, యాభైలో మరోలా ఉంటారు. రెండోది నడుస్తున్న కాలం. ఏదో ఒకటి జరిగి, అన్ని వయసులవాళ్లనూ ఒకేసారి మారుస్తుంది. మూడోది పుట్టిన కాలం. ఫలానా ఏళ్లలో పుట్టినవాళ్లు చిన్నప్పుడో, యవ్వనంలోనో ఒక అనుభవం పొంది, ఆ గుర్తు జీవితాంతం మోస్తారు. పరిశోధకులు ఈ బృందాన్ని కోహార్ట్ అంటారు. జెన్ జీ లాంటి పేర్లన్నీ ఈ మూడోదాని గురించే చెబుతున్నట్టు నటిస్తాయి.

ఒక ఊహాజనిత ఉదాహరణ. ఒక కంపెనీ సర్వే చేసి, 25 ఏళ్లవాళ్లలో సగం మంది రెండేళ్లలో ఉద్యోగం మారాలనుకుంటున్నారని, 50 ఏళ్లవాళ్లలో పదో వంతే అలా అన్నారని చెప్పిందనుకుందాం. ‘జెన్ జీకి విధేయత లేదు’ అని హెడ్డింగ్ పెట్టేస్తారు. కానీ పాతికేళ్ల మనిషికి ఇంటి ఈఎంఐ ఉండదు, పిల్లల స్కూలు మార్చాల్సిన పని లేదు, కొత్త చోట జీతం పెరుగుతుంది. ఆ యాభై ఏళ్లాయన పాతికేళ్లప్పుడు, అంటే ఒక తరం కిందట, ఏం చెప్పేవాడు? ఆ ప్రశ్న ఆయన్ను అప్పుడు ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే సగం మంది అనేవారేమో. అప్పుడు ఇది తరం సంగతి కాదు, వయసు సంగతి.

కాలం ప్రభావం చూడాలంటే కూరగాయల మార్కెట్‌కు వెళ్తే చాలు. 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది, నవంబరులో పెద్దనోట్ల రద్దు వచ్చింది, తర్వాత కోవిడ్. ఇవాళ అరవై దాటిన ఆకుకూరల అవ్వ బండి మీదా క్యూఆర్ కోడ్ అట్ట ఉంటుంది. డబ్బు పడిందని పెట్టె అరిచాకే కట్ట చేతికిస్తుంది. డిజిటల్ అలవాట్లను కుర్రవాళ్ల గుణంగా రాసేవాళ్లు ఈ అవ్వను లెక్కలోకి తీసుకోవాలి.

వయసు, కాలం, పుట్టుక కలిసిపోయే సందర్భాలే ఎక్కువ. అమెరికాలో స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఉండాలన్నవాళ్లు గ్యాలప్ సర్వేలో 1996లో 27 శాతం, 2023లో 71 శాతం. పాతవాళ్లు పోయి కొత్తవాళ్లు రావడం వల్ల కొంత మారింది. ఇది పుట్టిన కాలం ప్రభావమే. కానీ ఆ మధ్యలో వృద్ధులు కూడా మనసు మార్చుకున్నారు, అన్ని వయసుల్లోనూ మద్దతు పెరిగింది. ‘కొత్త తరం వచ్చి మార్చింది’ అనే ఒక్క ముక్కలో ఈ రెండో సగం మాయమైపోతుంది.

మరి లెక్కలు కట్టి మూడింటినీ విడదీయొచ్చు కదా? అక్కడే గణితం అడ్డొస్తుంది. సర్వే చేసిన ఏడాదిలోంచి వయసు తీసేస్తే పుట్టిన ఏడాది వస్తుంది. 2025లో 28 ఏళ్ల మనిషి 1997లో పుట్టినట్టే, ఇంకో అవకాశం లేదు. రెండు తెలిస్తే మూడోది దానంతటదే తేలిపోతుంది. కాబట్టి రెండింటిని కదలకుండా పట్టుకుని మూడోదాన్ని మాత్రమే మార్చి చూడటం ఎవరివల్లా కాదు. ఎంత పెద్ద డేటా ఉన్నా, బయటి నుంచి ఏదో ఒక ఊహను తెచ్చి కలపకుండా మూడు ప్రభావాలనూ పూర్తిగా వేరు చేయలేరు. కనీసం చేయగలిగింది ఒకటుంది: ఇవాళ్టి పాతికేళ్లవాళ్లను ఇవాళ్టి యాభై ఏళ్లవాళ్లతో కాకుండా, పాతికేళ్ల కిందటి పాతికేళ్లవాళ్లతో పోల్చడం. మనం చదివే తరాల వార్తల్లో ఎక్కువ భాగం ఆ పని కూడా చేయవు.

మన్‌హైమ్ మాట, 2009 డిసెంబరు

తరాల గురించి ఇవాళ్టికీ పరిశోధకులు తిరిగి తిరిగి వెళ్లేది కార్ల్ మన్‌హైమ్ దగ్గరికి. బుడాపెస్ట్‌లో పుట్టి జర్మనీలో పనిచేసిన ఈ సామాజిక శాస్త్రవేత్త 1928లో తరాల సమస్య మీద ఒక వ్యాసం రాశారు. ఒకే కాలంలో పుట్టడం ఒక అవకాశాన్ని మాత్రమే ఇస్తుందని ఆయన వాదన. యవ్వనంలో ఉండగా ఏదో పెద్ద ఘటన జరిగి, అందులో పాలుపంచుకున్నవాళ్లే నిజమైన తరం అవుతారు. అదే ఏళ్లలో పుట్టినా, ఆ కదలిక చేరని మారుమూల రైతులు ఆ తరంలోకి రారని కూడా అన్నారు. ఇంకో మెట్టు ఎక్కి ఆయన చెప్పిన మాట నాకు అన్నిటికంటే విలువైనదనిపిస్తుంది. ఒకే ఘటన ఒకే వయసువాళ్లను రెండు ఎదురు శిబిరాలుగా చీల్చవచ్చు. అప్పుడు కూడా వాళ్లు ఒకే తరం, ఎందుకంటే ఇద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నారు.

తెలుగువాళ్లకు ఇది అర్థం కావడానికి జర్మనీ దాకా వెళ్లనక్కర్లేదు. 2009 డిసెంబరు 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించారు. 23న విస్తృత సంప్రదింపులు కావాలని మరో ప్రకటన వచ్చింది. 1990లో పుట్టినవాళ్లకు అప్పుడు 19 ఏళ్లు, డిగ్రీయో ఇంజినీరింగో చదివే వయసు. ఉస్మానియా, కాకతీయ క్యాంపస్‌లలో ఆ రెండు వారాల్లో మొదట సంబరం, తర్వాత ఆగ్రహం. ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి, అనంతపురం క్యాంపస్‌లలో సరిగ్గా తిరగేసి, మొదట ఆగ్రహం, తర్వాత ఊరట. ఆ చలికాలంలో నినాదాలిచ్చిన విద్యార్థుల్లో ఎంతోమందికి రాజకీయం మొదటిసారి వంటబట్టింది అక్కడే. అక్కడ తెగిన స్నేహాలున్నాయి. ఒకే హాస్టల్ గదిలో ఉండి, టీవీ గదిలో మాత్రం చెరోపక్క కూర్చున్నవాళ్లున్నారు. మన్‌హైమ్ లెక్కలో వాళ్లంతా ఒకే తరంలోని రెండు బృందాలు. అదే 19 ఏళ్ల వయసులో రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లి పనిలో కుదురుకున్న కుర్రాడు అదే ఏడాది పుట్టినా, ఆ అనుభవానికి చాలావరకు బయటే ఉండిపోయాడు.

మిలీనియల్ అన్న మాట ఈ ముగ్గురినీ ఒకే డబ్బాలో వేస్తుంది. ముగ్గురి జీవితంలో తేడా తెచ్చిన ఒక్క సంగతీ ఆ డబ్బా మీద రాసి ఉండదు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమాల నాటి విద్యార్థుల గురించీ ఇదే చెప్పొచ్చు. వాళ్లకు మన దగ్గర ఏ అక్షరం పేరూ లేదు, కానీ మన్‌హైమ్ అర్థంలో వాళ్లది గట్టి తరం.

పుట్టిన ఏడాది నిజంగా గుర్తు వేసే చోట్లు

ఇంతవరకూ చదివి, పుట్టిన కాలానికి విలువే లేదనుకుంటే పొరపాటు. కొన్నిచోట్ల అది శరీరంలోకే దిగిపోతుంది. 1944–45 చలికాలంలో నాజీల దిగ్బంధంతో నెదర్లాండ్స్ పశ్చిమ భాగంలో కరువొచ్చింది. ఆ నెలల్లో తల్లి కడుపులో ఉన్న పిల్లలకు పెద్దయ్యాక మధుమేహం లాంటి సమస్యలు ఎక్కువగా వచ్చినట్టు దశాబ్దాల పరిశోధనలో తేలింది. అక్కడ తేడా తెచ్చింది పదిహేనేళ్ల తరం కాదు, కొన్ని నెలలు.

జపాన్‌లో ‘ఉద్యోగాల మంచుయుగం తరం’ అనే మాట ఉంది. 1990ల మొదట్లో ఆస్తుల ధరల బుడగ పేలాక, సుమారు 1993 నుంచి 2005 దాకా చదువు ముగించినవాళ్లది ఆ బృందం. అక్కడి పెద్ద కంపెనీలు చదువు పూర్తిచేసిన పిల్లల్ని ఏటా ఏప్రిల్‌లో ఒక్కసారే చేర్చుకుంటాయి. ఆ ఏడాది తలుపు మూసుకుపోతే తర్వాత తీయడం కష్టం. అందుకే మాంద్యం పోయినా వాళ్లలో చాలామంది తాత్కాలిక పనుల్లోనే మిగిలిపోయారు. 2019లో జపాన్ ప్రభుత్వం వాళ్లకోసమే ప్రత్యేక కార్యక్రమం పెట్టింది. ఈ పేరుకు కారణం ఉంది, ఆ కారణం ఎలా పనిచేస్తుందో చెప్పొచ్చు, ఎవరికి తగిలిందో లెక్కపెట్టొచ్చు.

మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చేది అమీర్‌పేట కథ. 1997–99 మధ్య అక్కడ మెయిన్‌ఫ్రేమ్స్, కోబాల్ నేర్చుకున్నవాళ్లకు వై2కే పని దొరికింది. కంప్యూటర్లు 2000 సంవత్సరాన్ని 1900 అనుకోకుండా పాత ప్రోగ్రాములు సరిచేయాలి, దానికి మనుషులు కావాలి. ఎంతోమంది అమెరికా విమానం ఎక్కారు. 2001లో చదువు ముగించినవాళ్లకు ఎదురైంది డాట్‌కామ్ పతనం. హెచ్1బి వీసాల పరిమితిని 2001 నుంచి మూడేళ్లపాటు 1,95,000కు పెంచారు, కానీ అప్పుడు పని లేదు. పని మళ్లీ పుంజుకుంటున్న 2004కు పరిమితి తిరిగి 65,000కు వచ్చేసింది. అన్న 1998లో, తమ్ముడు 2001లో బయటికొస్తే, ఒకే ఇంట్లో, ఒకే చదువుతో, ఇద్దరి బతుకులూ వేరే దారులు పట్టొచ్చు. ఇద్దరూ జెన్ ఎక్సే.

చట్టం కూడా గీత గీస్తుంది. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. 1965లో పుట్టిన మనిషికి 1984 లోక్‌సభ ఎన్నికల నాటికి 19 ఏళ్లు, ఓటు లేదు. 1970లో పుట్టిన మనిషికి 1989 ఎన్నికల నాటికి అదే 19 ఏళ్లు, ఓటు ఉంది.

అంచుల దగ్గర, ఇంకా చెప్పాలంటే పుట్టినరోజుల దగ్గర

1996 డిసెంబరు 31న పుట్టిన పాప మిలీనియల్, మర్నాడు పుట్టిన పాప జెన్ జీ. గీత ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అని సమర్థించేవాళ్లుంటారు. నిజమే. కానీ ఒకే రోజు తేడా ఉన్న ఈ పాపలు వేరే డబ్బాల్లోనూ, 1981లో పుట్టినవాళ్లూ 1996లో పుట్టినవాళ్లూ ఒకే డబ్బాలోనూ పడుతున్నారు. హైదరాబాద్‌లో 1998లో సైబర్ టవర్స్ తెరిచేసరికి మొదటివాళ్లకు పదిహేడు, రెండోవాళ్లకు రెండేళ్లు. మొదటివాళ్లు ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడ్డారు. రెండోవాళ్లు ఇరవై ఏళ్లకే జియో సిమ్ తీసుకున్నారు.

మన ప్రాంతంలో దీనికి ఇంకో మెలిక ఉంది, తరాల గురించి రాసేవాళ్లు దాన్ని ఎందుకో పట్టించుకోరు. మన పెద్దవాళ్లలో ఎంతోమంది పుట్టినతేదీ బడిలో పంతులుగారు వేసింది. కుడిచేయి తల మీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకుంటే పిల్లాడికి ఐదేళ్లు నిండినట్టే. వెంటనే రిజిస్టర్లో జూన్ 1 అనో జూలై 1 అనో పడేది. ఇవాళ ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఉన్నది అదే తేదీ. బడికి వెళ్లని ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ‘ఉప్పెనప్పటికి నడుస్తున్నా’ అంటే 1977 దివిసీమ ఉప్పెనను బట్టి మనం లెక్క కట్టుకోవాలి. దేశ జనాభా లెక్కల పట్టికల్లో 30, 35, 40, 45 లాంటి వయసుల దగ్గర జనం గుంపులుగా కనిపిస్తారు, పక్కనున్న 39, 41 దగ్గర పలచబడతారు. వయసు అడిగితే గుండ్రటి అంకె చెప్పడం వల్ల వచ్చే గుంపులివి. జనవరి 1 దగ్గర గీత గీసే పద్ధతి ఇలాంటి చోట తేలిపోతుంది.

వద్దనేవాళ్లు, ఉండాలనేవాళ్లు

2021లో మేరీలాండ్ యూనివర్సిటీ సామాజిక శాస్త్రవేత్త ఫిలిప్ కోహెన్, 150 మందికి పైగా పరిశోధకుల సంతకాలతో ప్యూ సంస్థకు బహిరంగ లేఖ రాశారు. ఈ పేర్లకు శాస్త్రీయ ఆధారం లేదు, మూసపోత అభిప్రాయాలను పెంచుతాయి, వాడటం మానండి అని దాని సారాంశం. అంతకు ముందే, 2020లో, అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీలు ఉద్యోగుల నిర్వహణలో తరాల వర్గీకరణ పనికొస్తుందా అని పరిశీలించి, దానికి తగిన ఆధారాలు లేవని నివేదిక ఇచ్చాయి. ఆఫీసు క్లాసులు నడిపేవాళ్లు ఆ నివేదిక ఒకసారి తిరగేస్తే బావుంటుందని నా మనవి. పనిగంటలు, జీతం, ఇంటి బాధ్యతల గురించి ఉద్యోగినే అడగగలిగినప్పుడు, పుట్టిన ఏడాది చూసి ఊహించుకోవడం ఆ మనిషికి అన్యాయం.

2023లో ప్యూ తన పద్ధతి మార్చుకుంది. వేర్వేరు తరాలను ఒకే వయసులో పోల్చేందుకు పాత డేటా ఉన్నప్పుడే తరాల విశ్లేషణ చేస్తామంది. జనం తమను తాము ఏమనుకుంటున్నారో కూడా ఆ సంస్థే గతంలో అడిగింది. 2015 సర్వేలో మిలీనియల్ వయసువాళ్లలో 40 శాతం మందే ఆ పేరు తమదన్నారు. బూమర్లలో మాత్రం 79 శాతం ఒప్పుకున్నారు.

ఉండాలనేవాళ్ల వాదననూ తేలిగ్గా తీసేయకూడదు. మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ ట్వెంగీ, 2012 ప్రాంతం నుంచి అమెరికా టీనేజర్లలో దిగులు, ఒంటరితనం పెరిగాయని, స్మార్ట్‌ఫోన్‌తో పెరగడమే అందుకు ముఖ్య కారణమని అంటారు. ఇది ఒకే వయసు పిల్లల్ని ఏడాదికేడాది పోల్చిన డేటా కాబట్టి వయసు చిక్కు ఇందులో లేదు. కారణం గురించే తగవు. ఎమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిబిల్‌స్కీ అనే పరిశోధకులు 2019లో పెద్ద సర్వేలను విశ్లేషించి, డిజిటల్ వాడకానికీ టీనేజర్ల మానసిక స్థితికీ సంబంధం ఉన్నా అది చాలా చిన్నదన్నారు. ఆ చర్చ ఇంకా నడుస్తోంది.

ఇంకో వాదన నేపాల్ నుంచే వస్తుంది. పేరు ఎవరు పెట్టినా, దాన్ని పట్టుకుని జనం ఒకటైతే అది నిజమవుతుంది. ఉపాధి లేక, నాయకుల పిల్లల ఆడంబరాలు రీల్స్‌లో చూసి మండిపడ్డవాళ్లకు పార్టీ జెండాలు వద్దనిపించినప్పుడు, జెన్ జీ అన్న మాట జెండాగా పనికొచ్చింది. మన్‌హైమ్ అయినా ఇక్కడ తరం ఉందనే అంటారు. అయితే తాత్కాలిక ప్రధాని కోసం డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో చర్చలు పెట్టుకున్న ఆ యువత మొగ్గింది 73 ఏళ్ల మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ వైపు. సెప్టెంబరు 12న ఆమె ప్రమాణం చేశారు. వాళ్ల గొడవ పెద్ద వయసుతో కాదు, అధికారంలో ఉన్నవాళ్లతో.

‘ఈ కాలం పిల్లలు చెడిపోయారు’ అనే మాట మీద కూడా పరిశోధన జరిగింది. జాన్ ప్రొట్జ్‌కో, జోనథన్ స్కూలర్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో, బాగా చదివే అలవాటున్న పెద్దలు ఇప్పటి పిల్లలు చదవడం లేదనడానికి ఎక్కువ మొగ్గు చూపారు. పెద్దరికానికి విలువనిచ్చేవాళ్లు పిల్లలకు గౌరవం తగ్గిందన్నారు. తమలో బలంగా ఉన్న గుణాన్నే మనుషులు పిల్లల్లో వెతుకుతారు, పైగా తమ చిన్ననాటి తోటివాళ్లందరూ తమలాగే ఉండేవాళ్లని గుర్తుచేసుకుంటారు.

మన జిల్లాల్లోనే జరిగిన పోలిక

ఒకే వయసులో పోల్చాలి అన్నాను కదా, అలా చేసిన పని ఒకటి తెలుగు నేల మీదే ఉంది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3 వేల మంది పిల్లల్ని ఎంచుకుంది. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, మహబూబ్‌నగర్, కరీంనగర్ జిల్లాలు, హైదరాబాద్ నుంచి వాళ్లను తీసుకున్నారు. వెయ్యి మంది 1994–95లో పుట్టినవాళ్లు, రెండు వేల మంది 2001–02లో పుట్టినవాళ్లు. అప్పటి నుంచి ఏళ్లకేళ్లు వాళ్ల ఇళ్లకు వెళ్లి, ఏం తింటున్నారు, ఏ బడికి వెళ్తున్నారు, ఏ పని చేస్తున్నారు అని అడుగుతూ వచ్చారు. అనుకోకుండా మొదటి బృందం మిలీనియల్, రెండోది జెన్ జీ అయింది.

ఏడెనిమిదేళ్ల వయసులో రెండు బృందాలనూ పక్కపక్కన పెడితే ఒక పెద్ద తేడా కనిపించింది. మొదటి బృందంలో ప్రైవేటు బడికి వెళ్తున్నవాళ్లు 24 శాతం, రెండో బృందంలో 44 శాతం. వయసు ఒకటే కాబట్టి ఇది వయసు సంగతి కాదు, ఏడేళ్లలో వచ్చిన నిజమైన మార్పు. కానీ దీన్ని జెన్ జీ స్వభావంగా ఎవరూ చెప్పలేరు. ఏడేళ్ల పిల్లలు బడిని ఎంచుకోరు. ఊరి చివర కాన్వెంట్ బస్సు రావడం మొదలైంది, ఇంగ్లిష్ మీడియం మీద తల్లిదండ్రులకు ఆశ పెరిగింది, ఫీజు కట్టగల చేతులు కొన్ని పెరిగాయి. పైగా ఆ 44 శాతం అందరి మధ్యా సమానంగా పంచలేదు. పల్లెల్లోని పేద ఇళ్ల పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఎక్కువగా సర్కారు బడిలోనే ఉన్నారు. కొడుకును కాన్వెంట్‌కూ కూతుర్ని ఊరి బడికీ పంపిన ఇళ్లున్నాయి. అన్నాచెల్లెళ్లు ఒకే తరం, కానీ పదేళ్ల తర్వాత కాలేజీ ఫారం నింపేటప్పుడు ఇద్దరి చేతిలో ఉన్నవి ఒకే రకమైన సర్టిఫికెట్లు కావు.

2020 లాక్‌డౌన్‌లో ఈ పిల్లలకే ఫోన్లు చేసి మాట్లాడారు. అప్పటికి పెద్ద బృందానికి పాతికేళ్లు దాటుతున్నాయి, చిన్న బృందానికి పద్దెనిమిది, పంతొమ్మిది. ఒక బృందం ఉద్యోగాల్లో, కూలిపనుల్లో, సంసారాల్లో ఉండగా లాక్‌డౌన్ వచ్చింది. రెండో బృందంలో ఎక్కువమందికి అది ఇంటర్ నుంచి డిగ్రీకి వెళ్లే వయసు. చిన్న బృందానికి పాతికేళ్లు నిండేది 2026–27లో. పాతికేళ్ల మిలీనియల్‌నూ పాతికేళ్ల జెన్ జీనీ మన జిల్లాల్లో పక్కపక్కన నిలబెట్టి, పనిలో, పెళ్లిలో, అప్పుల్లో ఏం మారిందో చూడటం అప్పుడు కుదురుతుంది.